సంక్రాంతికి మట్టి కలిపితే ఉగాదికి బెండకాయ: మిద్దె మీద ఎండాకాలం కూరగాయల తోట

సంక్రాంతి వెళ్లిన వారం పది రోజుల్లో చాలామందికి మొక్కల మీదికి మనసు మళ్లుతుంది. చలి తగ్గుముఖం పడుతుంది, పొద్దున్నే డాబా ఎక్కితే ఎండ హాయిగా ఉంటుంది. ఆ హాయిని చూసి మోసపోకండి. జనవరి చివర్లో వేసిన తోట కాపుకొచ్చేది మార్చి, ఏప్రిల్, మే నెలల్లో. కుండీ ఎక్కడ పెట్టాలి, ఏ విత్తనం వేయాలి, ఎన్ని మొక్కలు చాలు అని ఆలోచించేటప్పుడు ప్రతిసారీ ‘మే నెల మధ్యాహ్నం రెండింటికి దీని సంగతేంటి?’ అని ఒక్క ప్రశ్న వేసుకోండి. ఎండాకాలం తోటలో పోయే మొక్కల్లో చాలావరకు ఈ ప్రశ్న వేసుకోకపోవడం వల్ల పోయేవే.

కింద చెప్పిన లెక్కలు హైదరాబాద్, వరంగల్, విజయవాడ, కర్నూలు లాంటి ఊళ్లలో నలుగురున్న ఇంటికి, డాబా మీద పాతిక సంచుల (గ్రో బ్యాగుల) తోటకు సరిపోతాయి. పెరడు ఉన్నవాళ్లకు ఏం మారుతుందో మధ్యలో చెప్తాను. ఆదిలాబాద్ వైపు, అరకు, పాడేరు వైపు రాత్రుళ్లు ఇంకా గజగజలాడిస్తుంటే విత్తనం వేసే పని మాత్రం రెండు వారాలు ఆగి చేయండి. చల్లటి మట్టిలో బెండ గింజ మొలవదు, కుళ్లిపోతుంది.

ముందు ఎండ లెక్క తేల్చుకోండి

ఒక ఆదివారం పొద్దున 9కి, మధ్యాహ్నం 12కి, 3కి డాబా ఎక్కి నీడ ఎక్కడిదాకా పడుతోందో సుద్దముక్కతో గీయండి. అయితే ఆ గీతలను ఉన్నవి ఉన్నట్టు నమ్మకూడదు. సంక్రాంతి రోజుల్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి హైదరాబాద్‌లో 3 అడుగుల పిట్టగోడ నీడ మిట్టమధ్యాహ్నం కూడా దాదాపు రెండున్నర అడుగులు పడుతుంది. ‘ఈ పక్క నీడగా ఉంది, పాలకూర పెడదాం’ అనుకుంటారు. ఏప్రిల్ వచ్చేసరికి ఆ నీడ గోడలోకే ముడుచుకుపోతుంది. మే 9 ప్రాంతంలో హైదరాబాద్‌కు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరం పక్కనే ఉంటాడు. అంటే దక్షిణపు గోడ నీడ ఎండాకాలంలో మీకు దక్కదు.

కచ్చితంగా దక్కేది పడమటి నీడ. మెట్ల గదో, నీళ్ల ట్యాంకో, పక్కింటి వాళ్ల మూడో అంతస్తో మీ డాబాకు పడమర వైపు ఉంటే రెండు మూడు గంటల నుంచి దాని నీడ మీ వైపు పడుతుంది. పొద్దున ఐదారు గంటల పాటు ఎండ, మధ్యాహ్నం తర్వాత నీడ దొరికే చోటు ఎండాకాలం తోటకు బంగారం లాంటిది. అక్కడ వంగ, మిర్చి, టమాటా, ఆకుకూరలు పెట్టండి. రోజంతా ఎండ కొట్టే చోటు బెండకు, గోరుచిక్కుడుకు, తీగలకు వదిలేయండి. అవి తట్టుకుంటాయి.

బరువు, నీళ్లు

ఈ రెండూ తేలకుండా ఒక్క సంచి కూడా కొనొద్దు.

మనుషులు తిరిగే డాబాను చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువు ఆగేలా కట్టడం మన దేశంలో ప్రమాణం. ఇప్పుడు మట్టి లెక్క చూడండి. తడిసిన మట్టి లీటరుకు 1.6 నుంచి 1.8 కిలోలు తూగుతుంది. చదరపు మీటరు మేర అడుగు లోతున మట్టి పోస్తే 300 లీటర్లు, అంటే దాదాపు అర టన్ను. అందుకే ఇటుకలు పేర్చి డాబా మధ్యలో మట్టి మడి కట్టేయడం ప్రమాదం. అదే 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తున్న గ్రో బ్యాగులో 20 లీటర్ల పైచిలుకు పడుతుంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపిన తేలిక మిశ్రమమైతే తడిసినా 22 నుంచి 25 కిలోల దగ్గర ఆగుతుంది. చదరపు మీటరుకు నాలుగు సంచుల లెక్కన, గోడల వెంట, కింద దూలాలు ఉన్న వరసలో పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. ఇల్లు పాతదైతే, స్లాబు ఎక్కడైనా చెమ్మగిల్లుతుంటే ముందు ఇంజనీరుకు చూపించండి. అద్దె ఇల్లయితే ఓనర్‌ని అడిగి మొదలుపెట్టండి. కాపు టైముకి గొడవ రాకుండా ఉంటుంది.

ఏ సంచినీ నేరుగా స్లాబు మీద పెట్టొద్దు. కింద రెండు ఇటుకలు పెడితే గాలి ఆడుతుంది, కారిన నీళ్లు ఆరిపోతాయి, మే నెలలో స్లాబు వేడి వేళ్లకు తగలదు.

నీళ్ల సంగతికొస్తే, 20 లీటర్ల సంచిలో కాపు మీదున్న మొక్క మే నెలలో రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగుతుంది. పాతిక సంచులకు 40, 50 లీటర్లు, అంటే రోజూ మూడు బకెట్లు. ఫిబ్రవరిలో ఉత్సాహంగా మెట్లెక్కి మోస్తారు. ఏప్రిల్ ఎండల్లో మోయలేరు. ప్లంబర్‌ని పిలిచి ట్యాంకు పైపుకి డాబా మీదే ఒక కుళాయి పెట్టించండి. ఎండలో పడున్న రబ్బరు పైపులో మొదట వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాలిపోతుంటాయి. వాటిని బకెట్లోకి వదిలేసి, చల్లటివి వచ్చాకే మొక్కకు పట్టండి. ఆర్వో మెషిన్ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా అవుతున్నాయని రోజూ మొక్కలకు పోస్తుంటారు. వాటిలో ఉప్పు ఎక్కువ. సంచిలో అది పేరుకుని ఆకుల అంచులు మాడిపోతాయి. ఆ నీళ్లు బండలు తుడవడానికి వాడుకోండి.

ఏం వేయాలి, ఏం వేయకూడదు

మీ ఇంట్లో వారానికి ఏయే కూరలు వండుతారో రాసుకోండి. అందులోంచి ఎండాకాలం పండనివి కొట్టేయండి. క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్, బీట్‌రూట్, బఠాణీ ఇప్పుడు వద్దు. పందిరి చిక్కుడు కూడా వద్దు. పాత నాటు రకాలు పొద్దు తగ్గే రోజుల్లోనే పూస్తాయి. ఇప్పుడు పెడితే చలికాలం ముందు దాకా ఆకు మేసి పందిరి ఆక్రమించడం తప్ప ఒక్క కాయ ఇవ్వవు. కొత్తిమీర, మెంతికూర, పాలకూర కావాలంటే జనవరి దాటకుండా ఆఖరి విడత చల్లుకోండి. మార్చి ఎండలకు కొత్తిమీర చూస్తుండగానే పూతకొచ్చేస్తుంది.

టమాటా గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. ఎండాకాలం మిద్దె మీద టమాటాకు రెండు సంచులు మించి ఇవ్వకండి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్కగా ఉంటే పూత నిలవదు, రాలిపోతుంది. ఎన్ని మందులు కొట్టినా అది ఆగదు, ఎందుకంటే అది తెగులు కాదు. జనవరిలోనే నెల వయసున్న నారు కొని నాటేస్తే మార్చి, ఏప్రిల్ మొదటి వారాల్లో నాలుగు కాయలు చూస్తారు. ఆ తర్వాత వచ్చేది లాభం అనుకోవాలి.

మిగతావన్నీ ఎండను ఇష్టపడేవే. నలుగురికి సరిపడా లెక్క ఇది. బెండ 12 మొక్కలు ఉంటే రెండు రోజులకోసారి పావుకిలో దాకా తెగుతుంది, వేపుడుకు సరిపోతుంది. రెండు మూడు మొక్కలు వేస్తే రోజుకు ఒకటో రెండో కాయలు కోసి ఫ్రిజ్‌లో దాచుకోవాల్సి వస్తుంది. కూరకు చాలేలోపు మొదటివి వాడిపోతాయి. గోరుచిక్కుడు కూడా అంతే, పదికి తక్కువ వేయొద్దు, పెద్ద టబ్బులో మూడేసి మొక్కలు పడతాయి. వంగ 4, మిర్చి 4. బీర 2, కాకర 2, దోస 2. సొర మాత్రం ఒక్కటే. కాపు పట్టిందంటే ఇరుగుపొరుగుకు పంచినా మిగులుతుంది. ఆకుకూరల్లో తోటకూర, గోంగూర, తీగ బచ్చలి ఎండను బాగా ఓర్చుకుంటాయి. తోటకూర ఒకేసారి చల్లకుండా రెండు వారాలకో టబ్బు చొప్పున చల్లండి. 25, 30 రోజుల్లో కోతకొస్తుంది కాబట్టి ఒకటి అయిపోయేసరికి ఇంకోటి అందుతుంది.

రకాలు కొనేటప్పుడు పేరు చూడండి. ‘అర్కా’ అని మొదలైతే బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థది, ‘పూసా’ అని ఉంటే ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థది. బెండలో అర్కా అనామిక పల్లాకు తెగులును కొంత తట్టుకుంటుంది. గోరుచిక్కుడుకు పూసా నవబహార్, టమాటాకు అర్కా వికాస్, వంగకు మన తెలుగు నేల మీదే పుట్టిన భాగ్యమతి, బీరకు జగిత్యాల లాంగ్ నమ్మకమైనవి. ఇవి హైబ్రిడ్లు కావు కాబట్టి బలమైన మొక్క మీద రెండు కాయలు ముదరనిచ్చి గింజ దాచుకోవచ్చు. హైబ్రిడ్ గింజ దాచుకుంటే మరుసటి ఏడు ఏ రకం కాయ వస్తుందో చెప్పలేం.

మట్టి: తొందరపడకూడని పని

సంచిలో మొక్కకు ఉన్న ప్రపంచమంతా ఆ 20 లీటర్లే. విత్తనానికి, కుండీలకు ఖర్చు తగ్గించుకోండి, మట్టికి మాత్రం తగ్గించొద్దు. పాత పెయింటు బకెట్లు, పండ్ల దుకాణం వాళ్లు పారేసే థర్మాకోల్ పెట్టెలు, సగానికి కోసిన డ్రమ్ములు ఏవైనా పనికొస్తాయి, అడుగున నాలుగైదు చిల్లులు ఉంటే చాలు. తీగలకు మాత్రం 40 లీటర్లకు తగ్గని టబ్బు కావాలి.

పాతిక సంచులకు మొత్తం 500 లీటర్ల మిశ్రమం పడుతుంది. నేను చెప్పే పాళ్లు ఇవి: ఎర్రమట్టి 200 లీటర్లు, బాగా చివికిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ 150 లీటర్లు, నానబెట్టి విప్పిన కోకోపీట్ 125 లీటర్లు, ఊక 25 లీటర్లు, వేపపిండి రెండున్నర కిలోలు. 20 లీటర్ల బకెట్టుతో కొలిస్తే లెక్క తేలిక.

ఎర్రమట్టి ట్రాక్టర్ వాడు తెచ్చి పోసేది ఏదైనా ఎర్రగానే ఉంటుంది. గుప్పెడు తీసుకుని తడిపి ఉండ చేయండి. అర చేతిలో మీటగానే విడిపోతే మంచిది. బొమ్మ చేసుకునేంత జిగటగా ఉంటే ఊక, కోకోపీట్ పాలు కాస్త పెంచండి. సిమెంటు పెళ్లలు, సున్నం ముక్కలు కనిపిస్తే అది ఇల్లు కడుతున్న చోట తవ్విన మట్టి, వద్దని చెప్పేయండి.

పశువుల ఎరువు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. పైకి నల్లగా, పొడిగా కనిపించినా లోపల పచ్చి పేడ ఉండొచ్చు. కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఇంకా మాగలేదు. మాగిన ఎరువు చల్లగా ఉంటుంది, వేళ్ల మధ్య పొడిపొడిగా రాలుతుంది, తొలకరి వాన పడ్డాక నేల నుంచి వచ్చే వాసన వస్తుంది. పేడ కంపు కొట్టకూడదు. పచ్చి ఎరువుతో పాటు చెదలు, వేరుపురుగు మీ డాబా మీదికి ఉచితంగా వస్తాయి. తెల్లగా, లావుగా, సగం చుట్ట చుట్టుకుని పడుకునే ఆ పురుగు ఒక్కటి చాలు, వారంలో మిర్చి మొక్క వేళ్లన్నీ కొరికేయడానికి. జల్లెడ పట్టి, కనిపించినవన్నీ ఏరేయండి. కాకులకు వేస్తే క్షణాల్లో ఖాళీ చేస్తాయి.

ఎరువులో ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే బూజును కలిపి పెంచితే నారుకుళ్లు, వేరుకుళ్లు బాగా తగ్గుతాయి. 10 కిలోల ఎరువు, కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా పొడి కలిపి, పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టేంత తేమ చేసి, నీడలో కుప్ప పోసి తడి గోనెసంచి కప్పండి. మూడు రోజులకోసారి తిరగేస్తూ తేమ ఆరకుండా చూస్తే వారం పది రోజుల్లో తెల్లటి, ఆకుపచ్చటి బూజు అల్లుకుంటుంది. పాడైందని పారేయకండి, మనకు కావాల్సింది అదే. దాన్ని మొత్తం మిశ్రమంలో కలిపేయండి.

కోకోపీట్ 5 కిలోల దిమ్మె నానితే 60, 70 లీటర్లు అవుతుంది. దాన్ని కూడా ఒకసారి నానబెట్టి సరాసరి కలపొద్దు. పెద్ద టబ్బులో నానబెట్టి, పిండి, ఆ ఎర్రటి నీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టండి. రెండు మూడు సార్లు ఇలా చేస్తే అందులోని ఉప్పు పోతుంది.

సంచి అడుగున కంకర పోయక్కర్లేదు, బరువు తప్ప లాభం లేదు. రెండు అంగుళాల మేర ఎండుటాకులు పరిచి, మిశ్రమం నింపి, పైన మూడు అంగుళాలు ఖాళీ వదలండి. ఆ ఖాళీలోనే తర్వాత ఎండుగడ్డి కప్పాలి, నీళ్లు నిలవాలి. అంచుదాకా నింపిన సంచిలో నీళ్లు పోస్తే సగం స్లాబు మీదికి పోతాయి. నింపాక నీళ్లు పట్టి పది రోజులు అలాగే వదిలేయండి. మట్టి కుదురుకుంటుంది, కలుపు మొలుస్తుంది, పీకేయండి.

పోయిన సీజన్ మట్టి ఉంటే పారబోయొద్దు. కుమ్మరించి, పాత వేళ్లు ఏరి, నాలుగు రోజులు ఎండబెట్టి, మూడో వంతు కొత్త ఎరువు కలిపి వాడుకోవచ్చు. వేళ్లు ఏరేటప్పుడు వాటి మీద బుడిపెలు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది నులిపురుగు. ఆ మట్టిని ఇప్పుడు వాడకుండా పక్కన పెట్టి, ఏప్రిల్, మే ఎండల్లో తడిపి, పారదర్శకమైన పాలిథిన్ కవర్ కప్పి నెలా నెలన్నర ఉడకనివ్వండి. వంగ, మిర్చి, టమాటా ఒకే కుటుంబానివి. ఒకటి పెరిగిన సంచిలో వెంటనే ఇంకోటి పెట్టొద్దు, బెండో తోటకూరో వేయండి.

పెరడు ఉన్నవాళ్లకు ఇంత శ్రమ లేదు. గడ్డపారతో అడుగు లోతు తవ్వి, పెళ్లలు పగలగొట్టి పది రోజులు ఎండనివ్వండి. ఒక చదరపు మీటరుకు రెండు తట్టల చివికిన ఎరువు, గుప్పెడు వేపపిండి కలపండి. మడి వెడల్పు 3 అడుగులు దాటకూడదు, రెండు పక్కల నుంచీ చెయ్యి అందాలి. ఎండాకాలం కాబట్టి మడులు ఎత్తుగా కట్టక్కర్లేదు, నీళ్లు నిలిచేలా గట్లు వేస్తే చాలు. తీగలకు రెండడుగుల గుంత తవ్వి సగం ఎరువుతో నింపి పాదు చేయండి.

విత్తనం, నారు

ప్యాకెట్ మీద తేదీ చూడండి. బెండ, మిర్చి గింజలు రెండేళ్లకే బలం తగ్గుతాయి. వంగ, టమాటా, తీగ జాతులవి నాలుగేళ్ల దాకా ఆగుతాయి. అనుమానం ఉంటే పది గింజలు తడి గుడ్డలో చుట్టి, గిన్నెలో పెట్టి, వంటింట్లో వెచ్చని మూల ఉంచండి. వారంలో ఏడెనిమిది మొలిస్తే వేసుకోవచ్చు. మూడో నాలుగో మొలిస్తే కొత్త ప్యాకెట్ కొనండి. గులాబీ, నీలం రంగు పూసిన గింజలకు మందు పట్టించి ఉంటుంది. వాటిని నానబెట్టొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు, చల్లాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

అన్నిటికంటే ముందు మొదలుపెట్టాల్సింది మిర్చి నారు. మొలవడానికే పది రోజుల పైన పడుతుంది, నాటే వయసుకు 40 రోజులు. వంగకు 30, 35 రోజులు, టమాటాకు 25, 30. సంక్రాంతి వెళ్లగానే ట్రేల్లో వేస్తే శివరాత్రి ప్రాంతంలో నాటుకోవచ్చు. జనవరి దాటిపోతే నారు పోసుకునే సరదా ఈసారికి మానుకుని నర్సరీలో కొనండి. కొనేటప్పుడు పూత మీదున్న పొడుగాటి మొక్కలు ముచ్చటగా ఉంటాయి కానీ అవి వద్దు. జానెడు ఎత్తు, లావు కాండం, ఐదారు ఆకులు ఉన్నవి ఏరుకోండి. ఆకు వెనక్కి తిప్పి తెల్లదోమ లేదని చూసుకుని మరీ తీసుకోండి.

ట్రేల్లో సగం కోకోపీట్, సగం వర్మీకంపోస్టు నింపి, అర సెంటీమీటరు లోతున గింజకో గుంట చొప్పున వేసి, పైన పాత పేపర్ కప్పండి. మొలక కనిపించిన రోజే పేపర్ తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు తెల్లగా సాగి పడిపోతాయి. నారు ట్రేని పూర్తి నీడలో పెంచి, ఒకేసారి డాబా ఎండలో నాటితే సాయంత్రానికి తలలు వాల్చేస్తుంది. నాటే ముందు వారం రోజులు రోజుకు గంట చొప్పున ఎండ పెంచుతూ అలవాటు చేయండి. నాటడం ఎప్పుడూ సాయంత్రమే.

బెండ, గోరుచిక్కుడు, తీగలు నారు పోయకుండా నేరుగా సంచిలో వేసేవే. బెండను ఒక రాత్రి, సొర, బీరను ఆరు నుంచి పన్నెండు గంటలు, గట్టి పెంకున్న కాకరను ఒక రోజంతా నానబెట్టండి. అంగుళం లోపు లోతులో, గుంటకు రెండు గింజలు. రెండూ మొలిస్తే బలహీనమైనదాన్ని పీకకుండా కత్తెరతో కత్తిరించండి, పీకితే పక్కదాని వేళ్లు కదులుతాయి. ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి చల్లాలి. తోటకూర గింజ ఇసుకతో కలిపి చల్లితే ఒకచోట గుంపుగా పడదు. చీమలు మోసుకుపోతుంటే చుట్టూ కాస్త బియ్యపు నూక చల్లండి, వాటి దృష్టి అటు మళ్లుతుంది. పావురాలున్న ఊళ్లో మొలకలకు రెండు వారాలపాటు వల కప్పక తప్పదు. కోతులున్న ఊళ్లోనైతే ఇనుప జాలీ గది కట్టించుకోవాలి, లేదంటే గోంగూర, మిర్చి, కాకరతో సరిపెట్టుకోవాలి. వాటికి కాకర అంత రుచించదు.

పందిరి ముందు, తీగ తర్వాత

తీగ పాకడం మొదలయ్యాక పందిరి వేద్దామనుకుంటే కొన్ని తీగలు విరగడం ఖాయం. విత్తనం వేసిన వారంలోనే పని ముగించండి. నాలుగు పాత పెయింటు బకెట్లలో సిమెంటుతో ఇనుప గొట్టాలు నిలబెట్టి, పైన తీగ లాగి నైలాన్ వల పరిస్తే డాబాకు ఒక్క చిల్లు కూడా పొడవక్కర్లేదు. ఎత్తు 6 అడుగులైనా ఉండాలి. కింద మీరు నిలబడి కాయలు కోయాలి. దీంతో ఇంకో లాభం ఉంది. బీర, సొర అల్లుకున్న పందిరి కింద ఏప్రిల్‌లో చల్లటి పలుచటి నీడ పడుతుంది. పుదీనా, కొత్తిమీర, పాలకూర టబ్బులు అక్కడికి జరిపితే నెల రోజులు ఎక్కువ తింటారు.

షేడ్ నెట్ కట్టడానికి కావాల్సిన కొక్కేలు, తాళ్లు ఇప్పుడే సిద్ధం చేయండి గానీ నెట్ ఇప్పుడు కప్పొద్దు. ఫిబ్రవరి ఎండ మొక్కకు కావాలి. అప్పుడే నీడ చేస్తే సన్నగా సాగిపోతాయి. మార్చి చివర్లో, మధ్యాహ్నం ఆకులు వాడి సాయంత్రానికి తేరుకోవడం మొదలైనప్పుడు కప్పండి. కాయగూరలకు 35 శాతం నీడనిచ్చే నెట్ చాలు, ఆకుకూరలకు 50 శాతం. ఏప్రిల్, మే గాలివానలకు నెట్ తెరచాపలా మారి గొట్టాలతో సహా లేస్తుంది. అందుకే ముడులు ఒక్క లాగుతో ఊడేలా వేయండి.

పండుగల లెక్కన పని

సంక్రాంతి వారంలో ఎండ గీతలు, కుళాయి, మట్టి తెప్పించడం, ట్రైకోడెర్మా కుప్ప, మిర్చి, వంగ నారు. రథసప్తమి నాటికి సంచులు నిండి కుదురుకోవాలి. జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి నెలాఖరు లోపు బెండ, గోరుచిక్కుడు, తీగలు, తోటకూర మొదటి టబ్బు. శివరాత్రికి వంగ, మిర్చి నాట్లు, పందిరి పూర్తి. ఆ వెంటనే ప్రతి సంచి మీద రెండు అంగుళాల మందాన ఎండుగడ్డో, ఎండుటాకులో, వేరుశనగ పొట్టో కప్పాలి. ఇది చేసిన సంచిలో మట్టి సాయంత్రం దాకా తడిగా ఉంటుంది, చేయనిది మధ్యాహ్నానికే పైన పెచ్చు కడుతుంది. కప్పే గడ్డి కాండానికి తగలకుండా రెండు వేళ్ల దూరం వదలండి. ఫిబ్రవరి మొదట్లో వేసిన బెండ 45 రోజులకు తొలి కాయలిస్తుంది. ఉగాది ఏ నెలలో వచ్చినా ఆ వేళకు కాస్త అటూ ఇటూగా మీ చేతికి కాయ అందుతుంది. సొరకు 55, 60 రోజులు ఓపిక పట్టాలి.

నాటిన మూడు వారాల నుంచి 15 రోజులకోసారి సంచికి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు వేసి పైపైన కలపండి. జీవామృతం చేసుకునే అలవాటుంటే 20 లీటర్ల నీళ్లకు కిలో పేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల చొప్పున బెల్లం, శనగపిండి, గుప్పెడు మట్టి సరిపోతాయి.

పురుగుల గురించి ఇప్పుడే భయపడక్కర్లేదు గానీ మూడు గుర్తులు తెలిసి ఉండాలి. మిర్చి ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి వంగితే నల్లి. బెండ ఆకు ఈనెలు పసుపుపచ్చగా మారితే తెల్లదోమ మోసుకొచ్చిన పల్లాకు తెగులు, దానికి మందు లేదు, మొక్క పీకి పారేయండి. మిగతావాటికి లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తగిలేలా కొట్టండి. ఎండలో కొడితే ఆకులు మాడతాయి.

తీగలకు మొదటి వారమంతా మగపూలే వచ్చి రాలిపోతాయి, కంగారు పడకండి. పిందె ఉన్న ఆడపూలు వచ్చాక డాబా మీద తేనెటీగలు తక్కువైతే మీరే మగపువ్వు కోసి ఆడపువ్వు మధ్యలో అద్దండి. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, దోస పొద్దున్నే. వేళ తప్పితే ఫలితం ఉండదు.

సెలవులకు ఊరెళ్తే

మే నెలలో వారం రోజులు ఊరెళ్లడం ముందే తెలిసిన విషయం కాబట్టి దాని ఏర్పాటు కూడా ఇప్పటి ప్లాన్‌లో భాగమే. టైమర్ ఉన్న చిన్న డ్రిప్ కిట్ పెట్టుకుంటే పొద్దున, సాయంత్రం దానంతట అదే నీళ్లు వదులుతుంది. అయితే ట్యాంకు ఖాళీ అయితే అదేం చేయలేదు. మోటారు వేసే మనిషి ఒకరు ఉండాలి. పక్కింటి వాళ్లకు ఆ వారం కాపంతా మీదే అని చెప్తే సంతోషంగా చూసుకుంటారు. బయల్దేరడానికి రెండు రోజుల ముందే టైమర్ మీద వదిలి ఏ డ్రిప్పరు మూసుకుపోయిందో చూసుకోండి. చిన్న సంచులన్నీ పందిరి కింద దగ్గరదగ్గరగా చేర్చండి. తాళం వేసే రోజు పొద్దున బెండ, బీర, దోస కాయలు లేతవైనా సరే అన్నీ కోసేయండి. కాయ చెట్టు మీదే ముదిరితే కొత్త పూత తగ్గిపోతుంది.